కత్తి పట్టిన ఇంట కరుణ గల బిడ్డ

(మన సంఘము వారి విద్యార్థి సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్ పరీక్షతో చదువు చాలించి, తండ్రిగారి అంగడిలో తక్కెడ పట్టినవారము. తవుడు, చెక్క, పత్తిగింజలు మొదలగు పశువుల దాణా అమ్ముట మా వర్తకము. గొర్రెల మందలవారును, పాడి రైతులును, మాంసపు అంగళ్ళవారును మా గడప త్రొక్కక తప్పదు. అందుచే ఈ దినము మేము చెప్పదలచిన విషయము పుస్తకములలో వెదకి తెచ్చినది కాదు. మన నడుమ జరుగుచున్నది.

మాంసపు వర్తకము వంశవృత్తిగా గల ఇంట పుట్టిన బిడ్డకు జీవములను కోయుటకు చేయి రాకున్నచో, వాటికి వైద్యము చేయవలెనను కోరిక కలిగినచో, ఆ బిడ్డ ఏమి చేయవలెను? ఇంటివారేమి చేయవలెను? సంఘమేమి చేయవలెను? ఇదియే మా ప్రశ్న.

హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మనవారిలో అట్టి కుటుంబమొకటి కలదు. పేరు చెప్పము, చెప్పవలసిన అవసరమును లేదు. తాతగారి నాటినుండి వారికి మేకపోతు, పొట్టేలు మాంసపు అంగడి గలదు. కుర్రవానికి పదునెనిమిది సంవత్సరములు. ప్లస్ టూ పరీక్షలో జీవశాస్త్రమున మంచి మార్కులు తెచ్చుకొనెను. పదవ ఏటినుండియు తెల్లవారుజామున లేచి తండ్రికి సాయపడుచుండెను. సాయంకాలము మాత్రము చుట్టుపట్ల మందలవద్దకు పోయి, కుంటుచున్న గొఱ్ఱెల గిట్టలు కడిగి మందు పూయుట, పిల్లలకు నట్టల మందు త్రాగించుట చేయుచుండెను. ఉదయము ఒక పని, సాయంకాలము దానికి ఎదురైన పని. రెండును ఒకే చేతులతో చేయుచుండెను.

ఉగాది మరునాడు తొడకు. ఆనాడు మన ప్రాంతమున మాంసపు అంగళ్ళయెదుట జనము ఎట్లు బారులు తీరుదురో మీరెరుగుదురు. మొన్నటి తొడకునాడు సంతనుండి తెచ్చిన జీవములలో ఒక పొట్టేలు ఆ కుర్రవాడు కాలికి కట్టు కట్టి బాగుచేసినదే వచ్చినది. వాడు దానిని గుర్తించెను. అదియు వానిని గుర్తించి, తాడు లాగుకొని వచ్చి చేతిని మూచూచెను. కుర్రవాడు కత్తి గట్టుపై పెట్టి వెలుపలికి నడచెను. ఆనాటినుండి అంగడికి రాలేదు. తండ్రి ఒక్క మాటయు అనక, కూలికి ఒకనిని పెట్టుకొనెను.

కొన్ని దినములకు ఆ తండ్రి దాణా కొనుటకై మా అంగడికి వచ్చి, మూట ఎత్తకయే నిలుచుండెను. "అన్నా, ఆ కత్తే వానికి ఇన్నేండ్లు అన్నం పెట్టింది. ఇప్పుడు అదే వానికి పాపమయిందా?" అని అడిగెను. మేము కుర్రవానిని పిలిపించి అడిగితిమి. వాడు తల వంచుకొని, "మామా, నాయన తప్పు చేసినాడని నేను ఎవరితోనూ అనలేదు. నాకు చెయ్యి రాలేదు, అంతే" అనెను.

ఈ రెండు మాటలును నిజములే. వీటి నడుమ మనమందరము నిలిచి ఏమి చేయుచున్నామో చూడుడు. బంధువులలో కొందరు "వాని మెత్తదనము వదలగొట్టుము, నాలుగు దినములు కత్తి పట్టించిన అలవాటగును" అని తండ్రికి బోధించుచున్నారు. పెద్దమనుష్యులు మరికొందరు కుర్రవాని భుజము తట్టి, "పాపపు వృత్తిని వదలినావు, ధన్యుడవు" అనుచున్నారు. మొదటివారు బిడ్డను అవమానించుచున్నారు. రెండవవారు తండ్రిని అవమానించుచున్నారు. కుర్రవాడు ఎక్కువగా నొచ్చుకొన్నది ఈ రెండవ మాటకే. తాను మెచ్చుకోలు పొందుటకు తండ్రి తలవంపు పొందవలెనా అని వాని బాధ.

మన భాషలోనే ఈ అవమానము కొంత దాగియున్నది. కఠినుడైన వానిని "కసాయి గుండె" అందుము. కాని ఆదివారమునాడు ఆ కసాయి అంగడియెదుట సంచి పట్టుకొని నిలుచునది మనమే. తినువాని చేయి శుభ్రమును, కోయువాని చేయి మలినమును ఎట్లగును? మా సంగతియు చెప్పెదము. మేము అమ్మిన చెక్క తిని బలిసిన పొట్టేలే అంగడికి చేరును. ఆ సొమ్ములో మా పాలు గలదు. తోలు వర్తకునికి, చెప్పులు తొడుగువానికి, విందు పెట్టువానికి, తినువానికి, అందరికిని పాలు గలదు. మాంసము ముట్టనివారు ఆ నియమమును గౌరవముతో పాటింతురు గాక. పొరుగువాని వృత్తిని దూషించుటకు అది అధికారపత్రము కాదు.

"గొర్రె కసాయివానినే నమ్మును" అను సామెత మనకు గలదు. సాధారణముగా దానిని గొఱ్ఱె అవివేకమును వెక్కిరించుటకు వాడుదుము. ఆ కుర్రవానికి మాత్రము సామెత మరియొక విధముగా తగిలినది. గొఱ్ఱె నమ్మినదే, ఆ నమ్మకమునకు నేనేమి బదులిత్తును అని వాడడుగుచున్నాడు. ఈ ప్రశ్న పిరికితనము కాదు. మందలవారును, అంగడివారును గొఱ్ఱెలను మేకలను "జీవాలు" అనియే పిలుతురు. "ఎన్ని జీవాలు తెచ్చినావు?" అని సంతలో బేరమాడుదురు. ప్రాణమున్నదని మరువకుండుటకే మన పూర్వులు ఆ పేరు పెట్టిరేమో యనిపించును.

ధర్మవ్యాధుని కథ మీరెరిగినదే. మహాభారతమున అరణ్యపర్వములోని ఆ కథలో కౌశికుడను తపస్వి, తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో చంపెను. తరువాత ఒక ఇల్లాలు పంపగా మిథిలకు పోయి, మాంసపు అంగడిలో కూర్చున్న ధర్మవ్యాధునివద్ద ధర్మము నేర్చుకొనెను. పక్షిని చంపినవాడు తపస్వి; శాంతము బోధించినవాడు మాంసము అమ్మువాడు. ఆ ధర్మవ్యాధుడు తాను చంపక, ఇతరులు చంపి తెచ్చినదానిని అమ్మెడివాడనియు, తాను మాంసము తినెడివాడు కాడనియు, తల్లిదండ్రులను దైవములుగా సేవించెడివాడనియు కథలోనే గలదు. కావున వృత్తిలో నుండియు చేయి వెనుకకు తీయుట అన్నది నిన్న మొన్న పుట్టిన సంగతి కాదు. ఈ కథను చూపి "నీవును కులవృత్తిని వదలరాదు" అని బిడ్డను కట్టివేయువారు కలరు. అది సరికాదు. ఆ కథ వృత్తి చేయువానికి గౌరవమిచ్చినది. ఇంకొక త్రోవ కోరువానికి సంకెల వేయుటకు దానిని వాడరాదు.

ఇక చట్టము ఏమనుచున్నదో చూతము. జంతుహింసా నివారణకై శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుదలతో పాటుపడిరి. ఆ కృషి తరువాత 1960లో చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టము ఆహారమునకై జీవమును కోయుటను నేరమనలేదు. అనవసరమైన బాధ కలిగించుటను నేరమన్నది. 2001 సంవత్సరపు వధశాలల నియమములు ఇంకను స్పష్టముగా చెప్పుచున్నవి. చూలుతో నున్నదానిని, మూడు మాసముల లోపు పిల్ల గలదానిని, మూడు మాసములు నిండని పిల్లను కోయరాదు. ఒక జీవము కన్నులయెదుట మరియొక జీవమును కోయరాదు. పశువైద్యుడు పరీక్షించి తగినదని వ్రాసి ఇచ్చినగాని కోయరాదు. ఆ వైద్యుడు గంటకు 12 జీవములకు మించి, దినమునకు 96 జీవములకు మించి పరీక్షింపరాదు.

దీనిలో మనము గమనింపవలసిన సంగతి యేమన, కత్తి పట్టిన తండ్రియు, వైద్యుడు కాగోరు కొడుకును చట్టము దృష్టిలో ఎదురెదురు పక్షములవారు కారు. ఒకే గుమ్మమునకు ఇరుప్రక్కల నిలువవలసినవారు. వైద్యుని కన్ను లేక కత్తి ఆడరాదు. తినువారి ఆరోగ్యమునకును, జీవము బాధ తగ్గించుటకును ఆ కన్నే కాపు.

వర్తక లాభమునకును దయకును వైరము లేదని శాస్త్రము చెప్పుచున్నది. బెదరి, పరుగెత్తి, ఆకలితో అలసిన జీవమును వెంటనే కోసినచో, దాని కండరములలోని శక్తినిల్వ ముందుగానే ఖర్చయి, కోసిన తరువాత ఏర్పడవలసిన పులుపు తగినంత ఏర్పడదు. మాంసము నల్లబారి, గట్టిపడి, త్వరగా చెడును. నీడన కట్టి, నీరు పెట్టి, విశ్రాంతి ఇచ్చిన జీవముదే మంచి మాంసము. పాత కసాయివారు ఈ శాస్త్రము చదువలేదు గాని, "బెదిరిన జీవాన్ని కోయవద్దు" అని తమ పిల్లలకు నేర్పిరి. ఆ మాట మా చిన్ననాట మా అంగడిలోనే వింటిమి.

వృత్తి నేర్పిన విద్య మరియొకటి గలదు. మాంసపు అంగడిలో పెరిగిన కుర్రవాడు పెదవి ఎత్తి పళ్ళు చూచి గొఱ్ఱె వయస్సు చెప్పగలడు. పాలపళ్ళు రాలి రెండు పళ్ళు వచ్చిన ఇంచుమించు ఏడాది, ఏడాదిన్నర. ఎనిమిది పళ్ళు నిండిన నాలుగేండ్లు. వెన్నుపై చేయి వేసి బరువు చెప్పగలడు. కార్జము కోసి చూచి, ఇది జలగ పట్టిన కార్జమనియు, ఇవి నీటి బుడగలనియు చూపగలడు. ఆ బుడగలు గల కార్జమును కుక్కలకు వేసినచో, వాటి కడుపులో పురుగై పెరిగి, వాటి మలము ద్వారా తిరిగి గొఱ్ఱెలకును మనుష్యులకును ఆ రోగమంటును. కనుక దానిని కుక్కకు వేయక పూడ్చవలెనని తెలిసిన అంగడివాడు ఊరికి సగము వైద్యుడు. ఆ కుర్రవానికి జీవశాస్త్రమున మంచి మార్కులు ఎక్కడినుండి వచ్చినవి? తండ్రి గట్టుమీదనే వచ్చినవి. ఈ మాట మేము చెప్పినప్పుడు ఆ తండ్రి మొదటిసారి చిన్నగా నవ్వెను.

కుర్రవానికి కూడ మేమొక కఠినసత్యము చెప్పవలసి వచ్చినది. పశువైద్యుడగుట చావునుండి పారిపోవుట కాదు. బాగుకాని గాయముతో విలవిలలాడు జీవమునకు సూది వేసి బాధ తీర్చవలసినది వైద్యుడే. రోగము వ్యాపింపకుండ కొన్నిటిని చంపుమని వ్రాయవలసినది వైద్యుడే. వధశాల గుమ్మములో నిలిచి, ఇది తగినది, ఇది తగనిది అని ముద్ర వేయవలసినది వైద్యుడే. "ఇది నీకు చేతనగునా?" అని అడిగితిమి. వాడు వెంటనే బదులు చెప్పలేదు. రెండు దినములకు వచ్చి, "కోసేది నా చేత కాదు మామా. కానీ కోసేచోట బాధ తగ్గించేవాడు ఒకడుండాల కదా, ఆ పని నా చేత అవుతుంది" అనెను. తొందరపడి చెప్పిన మాటకంటె రెండు దినములు మోసి తెచ్చిన మాటను మేము నమ్మితిమి.

ఈ విద్య విలువ యెంతటిదో విద్యార్థులు తెలిసికొనవలెను. మన తాతల కాలమున ముసర వ్యాధి వచ్చినచో ఊరిలో దుక్కిటెద్దు మిగిలెడిది కాదు. ఆ వ్యాధి భూమిపైనుండి సమూలముగా తొలగినదని 2011లో ప్రకటింపబడినది. మానవజాతి మసూచి తరువాత నిర్మూలించిన రోగము ఇదియొక్కటే. అది పశువైద్యుల విజయము. గొఱ్ఱెలను మేకలను తుడిచిపెట్టు పారుడు వ్యాధిని 2030 నాటికి తొలగింపవలెనని దేశములన్నియు సంకల్పించియున్నవి. దొమ్మ రోగము జీవమునుండి మనుష్యునికంటును; చచ్చిన జీవమును కోసినవానికే మొదట అంటును. అనగా వైద్యుడు కాపాడునది గొఱ్ఱెను మాత్రమే కాదు, కసాయి తండ్రి చేతులను కూడ.

త్రోవ యెట్లన్న ప్రశ్నకు వత్తము. మద్రాసు వేపేరిలోని పశువైద్య కళాశాల 1903లో స్థాపింపబడినది. నామక్కల్ కళాశాల 1985లో వచ్చినది. సేలం జిల్లా తలైవాసల్‌లో ఇటీవల మరియొకటి వెలసినది. హోసూరునకు కూతవేటు దూరమున మత్తిగిరిలో 1824నాటి పశుక్షేత్రమును, కోళ్ళ పెంపకపు కళాశాలయు గలవు. కర్ణాటకమున నున్న మనవారికి బెంగుళూరు హెబ్బాళములో 1958నాటి కళాశాల గలదు. పశువైద్య పట్టము చదువు, ఒక సంవత్సరపు శిక్షణతో కలిపి, అయిదున్నర సంవత్సరములు. తమిళనాట ఈ సీట్లను ప్లస్ టూ మార్కుల ననుసరించి పశువైద్య విశ్వవిద్యాలయమువారు ఇత్తురు. అఖిల భారత కోటాలోని నూటికి 15 సీట్లకు నీట్ పరీక్ష వ్రాయవలెను. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి నూటికి ఏడున్నర వంతు ప్రత్యేకించుచు 2021లో తమిళనాట చట్టము చేసిరి. అది పశువైద్యమునకును వర్తించును. మన బిడ్డలు అనేకులు ప్రభుత్వ పాఠశాలలలోనే చదువుచున్నారు గనుక ఈ సంగతి ఇంటింట చెప్పుడు. మాతృభాష తెలుగగుటచే ఇచ్చట సీటు రాదను అపోహ కొందరికి గలదు. ఇచ్చట పుట్టి, ఇచ్చటనే చదివిన బిడ్డకు ఇంటిభాష అడ్డు కాదు. నివాస ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము ముందుగా సిద్ధపరచుకొనుడు. చివరి దినమున తాలూకా కచేరీ చుట్టు తిరుగుటవలన పోయిన అవకాశములు మేము చూచితిమి.

సీటు రానిచో బ్రతుకు ముగిసినట్లు కాదు. హైదరాబాదు ప్రక్కన చెంగిచెర్లలో కేంద్రప్రభుత్వపు మాంస పరిశోధనాసంస్థ గలదు. శుభ్రమైన మాంసము తయారుచేయుట, నిల్వచేయుట అచ్చట నేర్పుదురు. తండ్రి అంగడిని శుభ్రమైనదిగా, జీవమునకు బాధ తక్కువైనదిగా దిద్దుటయు కరుణయే. మందలు పెంచుటయు, పాడి పెట్టుటయు గౌరవమైన వృత్తులే.

అంగడి యేమగునను తండ్రి దిగులును మనము తేలికగా చూడరాదు. మూడు తరముల వాడుక, అప్పుపుస్తకములోని పేర్లు, సంతలోని నమ్మకము ఒక్కనాట పుట్టినవి కావు. మేమును వారసత్వపు తక్కెడ పట్టినవారమే గనుక ఆ దిగులు ఎరుగుదుము. కాని అంగడి బిడ్డకొరకు పుట్టినది. బిడ్డ అంగడికొరకు పుట్టలేదు. ఆ ఇంట తమ్ముని కొడుకు ఒకడు ఆ పని నేర్చుకొనుటకు ఇష్టపడుచున్నాడు. అతనికి వాటా వ్రాసి ఇచ్చి, లెక్కలు కుర్రవాడే చూచుటకు తండ్రి అంగీకరించెను. ఇది మాటలతో ఒకదినమున తేలిన సంగతి కాదు. తండ్రి నాలుగు పర్యాయములు లేచిపోయెను, అయిదవ పర్యాయము కూర్చుండెను. ఇప్పటికిని తండ్రి మనస్సు పూర్తిగా కుదుటపడలేదు. కుర్రవాడు దరఖాస్తు పెట్టియున్నాడు, ఫలితము రావలసియున్నది.

సంఘమును మేము కోరునవి మూడు. మొదటిది, మన విద్యానిధినుండి వైద్యము, ఇంజనీరింగులతో సమముగా పశువైద్యమునకును వడ్డీలేని అప్పు ఈయవలెను. రెండవది, మనవారిలో పశువైద్యులుగా నున్నవారు ఏడాదికొకసారి ఈ సభకు వచ్చి పిల్లలతో మాటాడవలెను. మందలవారికి, అంగళ్ళవారికి రోగముల సంగతి తెలుగులో చెప్పవలెను. ఇంటిభాషలో విన్న జాగ్రత్త మరువబడదు. మూడవది ఖర్చు లేనిది. "కసాయి" అను మాటను మన ఇండ్లలో తిట్టుగా వాడుట మానవలెను. ఆ మాట వినుచు పెరుగు బిడ్డలు ఈ సభలోనే కూర్చుండియున్నారు.

విద్యార్థులారా, మీ మనస్సు ఒకవైపును, ఇల్లు ఒకవైపును లాగినప్పుడు ఇంటిని తూలనాడి బయటపడకుడు. మనస్సును చంపుకొని లోపల పడియుండకుడు. తండ్రియెదుట కూర్చుండి, నిజము చెప్పి, ఆయన మాట వినుడు. తల్లిదండ్రులారా, మీ చేతిపనివల్ల పెరిగిన బిడ్డకు మీ చేతికంటె భిన్నమైన చేయి వచ్చినచో, అది మీ పెంపకమునకు మచ్చ కాదు. జీవముపై దయ ఆ బిడ్డ మరియొక ఊరినుండి తెచ్చుకొనలేదు. మీ దొడ్డిలో, మీ నీళ్ళతొట్టివద్ద నేర్చుకొన్నాడు.